చక్రపాణి ట్రాక్ లేకుండా పాడిన సాయంత్రం

అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్ళో ఏ తెలుగు వేడుకకి వెళ్ళినా రెండు విషయాల్లో అనుమానం అక్కర్లేదు. భోజనాలు గంట ఆలస్యమవుతాయి. చక్రపాణి పాడతాడు.

పద్నాలుగేళ్ళుగా ఇదే వరస. ఉగాది గానీ, దీపావళి గానీ, ఎవరి పిల్లాడి మొదటి పుట్టినరోజు గానీ, నీలం కుర్తాలో స్టేజీ ఎక్కి, మైకు అందుకుని, కుడిచేతి చూపుడువేలు పైకెత్తి సౌండ్ టేబుల్ వైపు చిన్న సైగ చేస్తాడు. అక్కడ లాప్‌టాప్ ముందు కూర్చున్న అతని స్నేహితుడు రవికుమార్ బటన్ నొక్కుతాడు. ట్రాక్ మొదలవుతుంది. ట్రాక్ అంటే సినిమా పాటలోంచి గాయకుడి గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రం ఉంచిన రికార్డింగు. ముప్ఫై వయొలిన్లు, ఫ్లూటు, తబలా అన్నీ ఆ లాప్‌టాప్‌లోంచే వచ్చేస్తాయి. అతను ఎక్కువసార్లు పాడే వానపాటలో అయితే ముప్ఫై ఒకటో సెకనులో ఒక చిన్న గంట మోగుతుంది, ముప్ఫై రెండో సెకనులో చక్రపాణి అందుకుంటాడు. ఎప్పుడూ తప్పలేదు.

అతని ఫోన్‌లో ఆరువందల పన్నెండు ట్రాకులున్నాయి. ప్రతిదాని పేరు పక్కనా ఒక అంకె ఉంటుంది. అసలు పాట శ్రుతికి ఎన్ని మెట్లు కిందికి దింపించుకున్నాడో ఆ అంకె చెబుతుంది. ముప్ఫై ఐదేళ్ళప్పుడు అది సున్నా. నలభై తొమ్మిదికి మైనస్ మూడయింది. ఈ సంగతి తనకీ, భార్య సుధకీ తప్ప ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం.

పగలు లాస్ కోలినాస్‌లో ఒక బీమా కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మేనేజరు. ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టడం ఉద్యోగం. ఇష్టపడి చేసే ఉద్యోగమే.

నిజమైన కళాకారుడికి అసూయ ఉండదని సన్మాన సభల్లో చెబుతుంటారు. చెప్పేవాళ్ళు ఎప్పుడూ పాడటానికి స్టేజీ ఎక్కి ఉండరు. చక్రపాణికి అసూయ పుష్కలంగా ఉంది. ఇన్నాళ్ళూ దానికి పని తగల్లేదంతే. చుట్టుపక్కల ఇంకో మగ గాయకుడు లేడు. ఉన్నవాళ్ళు శ్రుతి పట్టలేరు, పట్టినవాళ్ళకి వీకెండ్ డ్యూటీలుంటాయి. రెండేళ్ళ కిందటి దీపావళి దాకా అతను చాలా పెద్దమనసున్న మనిషి.

ఆ దీపావళికి అఖిల్ గిటారుతో వచ్చాడు. కరీంనగర్ కుర్రాడు, అప్పటికి ఇరవై ఏడేళ్ళు, ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చేసి ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరాడు. సొంత పాట పాడాడు. ఏ సినిమాలోదీ కాదు. అపార్ట్‌మెంటు లాండ్రీ రూంలో ఎవరో మర్చిపోయిన ఒంటి సాక్సు మీద పాట. చక్రపాణికి వినగానే నవ్వొచ్చింది. పక్కకి చూస్తే కుర్రాళ్ళందరూ లేచి నిలబడి ఫోన్లలో రికార్డు చేసుకుంటున్నారు. తను పాడినప్పుడు లేచినవాళ్ళు ప్లేట్ల కోసం లేచేవారు.

ప్రోగ్రాం అయ్యాక అఖిల్ దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు.

"మస్తు పాడిండ్రు అంకుల్."

ఇంటికెళ్ళే దారంతా చక్రపాణి ఆ మాటనే నమిలాడు.

"ఇరవై ఏడేళ్ళవాడు నన్ను అంకుల్ అంటాడేంటి?"

"మరేమంటాడు?" అంది సుధ. "తమ్ముడూ అంటాడా?"

ఎవరి ద్వారా తెలిసిందో గానీ, అఖిల్ ఆ తర్వాత అన్నా అనడం మొదలుపెట్టాడు. దాంతో అతని మీద పెట్టుకోడానికి ఉన్న ఒక్క ఫిర్యాదూ పోయింది. ఒళ్ళు మరింత మండింది.

అక్కడితో ఆగి ఉంటే చక్రపాణి ఎలాగో నెట్టుకొచ్చేవాడు. కానీ అతనికి ఇషా అని ఒక కూతురుంది. పదిహేనేళ్ళు. ఆరో క్లాసు నుంచి స్కూల్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తోంది. తండ్రి ప్రోగ్రాంకి ఆఖరిసారి వచ్చింది పదకొండేళ్ళప్పుడు. పన్నెండో ఏట రానంది. ఎందుకని అడిగితే, పిల్ల దాచకుండా చెప్పేసింది.

"డాడీ, అది కరియోకే."

కరియోకే అంటే బార్లలో తాగి పాడేదనీ, తనది వేరనీ చక్రపాణి అరగంట వివరించాడు. ఇషా ఓపిగ్గా విని ఓకే అంది. మళ్ళీ రాలేదు.

అలాంటి పిల్ల ఎనిమిది నెలల కిందట అఖిల్ బ్యాండ్‌లో చేరింది. నలుగురుండే ఆ బ్యాండ్ పేరు సర్వీస్ రోడ్. హైవే పక్కన ఊళ్ళోకి వెళ్ళే రోడ్డుని ఇక్కడ అలాగే అంటారు. వాళ్ళ డ్రమ్మరుకి సియాటిల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, ఎవరో ఇషా పేరు చెప్పారు. ప్రతి శనివారం పొద్దున పదింటికి ప్రాక్టీసు, హైవే పక్కన సామాన్లు దాచుకోడానికి అద్దెకిచ్చే షెడ్లలో ఒకదాంట్లో. ఇషా ఇంకా ఒంటరిగా కారు నడపకూడదు కాబట్టి చక్రపాణే దింపాలి. దింపి, రెండు గంటలు కార్లోనే కూర్చుంటాడు.

"అఖిల్ చెప్పాడు, నా లెఫ్ట్ హ్యాండ్ బెటర్ అయ్యింది," అంటుంది ఇషా ఇంటికొస్తూ.

"అఖిల్ అంకుల్ అను."

"బ్యాండ్‌లో అంకుల్స్ ఉండరు డాడీ."

ఒక శనివారం ఎండ ఎక్కువై షెడ్డు షట్టరు సగం ఎత్తారు. కార్లోంచి చక్రపాణికి లోపల కనిపించింది. అఖిల్ మైకు ముందు కళ్ళు మూసుకుని ఉన్నాడు. వెనక ఇషా వాయిస్తూ, గడ్డం కొంచెం పైకెత్తి, రెప్ప వెయ్యకుండా అతని వైపు చూస్తోంది. అతను ఎప్పుడు అందుకుంటాడా అని చూసే చూపు. అతను నోరు తెరిచిన క్షణాన ఆమె కర్రలు దిగాయి. అంతే, మళ్ళీ తలొంచుకుంది.

చక్రపాణి ఏసీ పెంచాడు. పదిహేనేళ్ళుగా ఆ పిల్ల తండ్రి. బాత్రూంలోంచి బయటికి ఎప్పుడు వస్తాడా అని తప్ప, అతని కోసం ఆ పిల్ల ఎప్పుడూ అలా ఎదురుచూడలేదు. ఆ చూపు తనకి కావాలి. ఒక్కసారి చాలు. ఆ రోజు నుంచి అతనికి అఖిల్ పాటలు, చప్పట్లు, ఒంటి సాక్సు ఏవీ లెక్కలోకి రాలేదు. ఆ చూపొక్కటే మిగిలింది.

మే నెల్లో నమ్రత ఫోన్ చేసింది. ఆమె పదేళ్ళు చక్రపాణితో యుగళగీతాలు పాడిన మనిషి. ట్రాకులంటే విసుగొచ్చి మానేసి, ఇప్పుడు పాత డౌన్‌టౌన్‌లో ఒకప్పటి టైర్ల షాపులో నెలకోసారి చిన్న చిన్న బ్యాండ్లని పోగేసి సంగీతం పెట్టిస్తోంది. శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలు. కాఫీ, బీరు అక్కడే దొరుకుతాయి. ఒక్కటే నియమం: వినిపించేదంతా అక్కడే, అప్పుడే చేతులతో వాయించాలి.

"సర్వీస్ రోడ్ వాళ్ళు ఈసారి ఒక పాత పాట మీతో పాడిద్దామంటున్నారు పాణి గారూ. ఆ వానపాట. అఖిల్ ఐడియానే."

"వాడు జాలిపడుతున్నాడా?"

"ఏమో, అడగలేదు. పాడతారా, పాడరా?"

జాలే అయుంటుందని చక్రపాణి నిర్ధారించుకున్నాడు. ఒప్పుకున్నాడు. వెనక డ్రమ్స్ మీద ఉండేది ఇషా. పాడేది తను. ఆ చూపు ఇంక ఎక్కడికి పోతుంది?

ఆ వారమే అఖిల్ మెసేజ్ పెట్టాడు, ఏ శ్రుతి అన్నా అని. చక్రపాణి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఒరిజినలే అని కొట్టాడు. కొట్టాక గొంతు తడుముకున్నాడు.

రెండు శనివారాలు రిహార్సల్ అన్నారు. రెండు శనివారాలూ చక్రపాణి ఇషాని దింపి, హెడ్‌సెట్ పెట్టుకుని కార్లోనే కూర్చున్నాడు. అఖిల్ బయటికొచ్చి కారు అద్దం మీద మెల్లిగా తట్టాడు.

"ఒక్కసారి లోపలికొచ్చి చూస్కుంటే మంచిగుంటది అన్నా. ఇంట్రో, మధ్యల వచ్చే ఇంటర్‌లూడ్ చిన్నగ చేసినం."

"ఆఫీస్ కాల్ ఉంది."

"సాటర్డేనా?"

"ప్రొడక్షన్ ఇష్యూ."

హెడ్‌సెట్‌లో ఎవరూ లేరు. ఆ పాటని నాలుగొందల సార్లు పాడినవాడికి, అది వచ్చినప్పటికి ఇంకా పుట్టని పిల్లలు రిహార్సల్ చేయించడమేంటని లోపల ఒక గొంతు వాదిస్తోంది. దానితోనే మీటింగు.

పాడాల్సిన శనివారం సాయంత్రం టైర్ల షాపుకి వెళ్తూ కార్లో ఇషా చెప్పింది. "డాడీ, ఇంట్రో మ్యూజిక్ లేదు. అఖిల్ గిటార్ మీద ఒక్క కార్డ్ వాయిస్తాడు. అప్పుడు నువ్వు నన్ను చూడాలి. నువ్వు తలూపి నాడ్ చేస్తే నేను ఫోర్ కౌంట్ చేస్తా. అఖిల్ చెప్పాడు..."

'అఖిల్ చెప్పాడు' అన్నాక వచ్చే మాటలు చక్రపాణి చెవిలోకి వెళ్ళవు. ముందువి కూడా బయటికొచ్చేస్తాయి.

"తెలుసులే," అన్నాడు.

టైర్ల షాపు గుమ్మంలో నమ్రత నిలబడి ఉంది. "పెన్ డ్రైవ్ తేలేదుగా?" అంది నవ్వుతూ. అతనూ నవ్వాడు. తెచ్చాడు. జేబులో ఉంది. దేనికని అడిగితే అతనే చెప్పలేడు, తాళాలగుత్తిలాగా ఎప్పుడూ ఉంటుంది.

ముందు వరసలో రవికుమార్, సుధ కూర్చున్నారు. వెనక తెలుగువాళ్ళు ఒక నలభై మంది. మిగతా చోటంతా ఊళ్ళోవాళ్ళు. చక్రపాణి చేతులు కట్టుకుని తప్పులు పట్టే ఉద్యోగం మొదలుపెట్టాడు.

డెంటన్ నుంచి వచ్చిన ముగ్గురమ్మాయిలు అరుస్తూ పాడారు. శ్రుతి లేదని అతను లెక్క రాసుకున్నాడు. జనం గెంతారు, అదీ రాసుకున్నాడు. తర్వాత విమానాశ్రయం దగ్గర టాక్సీ నడిపే ఇథియోపియా ఆయన కీబోర్డు వాయించాడు, అతని బావమరిది శాక్సొఫోను అందుకున్నాడు. ఇద్దరి మధ్యా ఏ కాగితమూ లేదు. తర్వాత ఒక మెక్సికన్ కుటుంబం. డెబ్భై ఏళ్ళ ముసలాయన భుజాలకి తగిలించుకునే హార్మోనియం లాంటి అకార్డియను, కొడుకు గిటారు, పదేళ్ళ మనవరాలు చిన్న డ్రమ్ము. మనవరాలు ఒకచోట తప్పు కొట్టింది. ముసలాయన నవ్వి, రెండోసారి ఆ చోటుకి వచ్చినప్పుడు కావాలని ఆ తప్పునే తన పెట్టె మీద వాయించాడు. పిల్ల పకపకా నవ్వింది, వాయిస్తూనే.

ఆ ముసలాయన మీద చక్రపాణికి కలిగినంత అసూయ అఖిల్ మీద కూడా ఎప్పుడూ కలగలేదు. శ్రుతి మెట్లు దించే అవసరం ఆయనకి లేదు. మనవరాలేమో పక్కనే ఉంది. అకార్డియన్‌లో ఏదైనా లోపం దొరుకుతుందేమోనని చాలాసేపు విన్నాడు.

అప్పుడు సర్వీస్ రోడ్ వచ్చింది. మూడు సొంత పాటలు పాడారు. లాండ్రీ రూం పాటకి ఇథియోపియా ఆయన కూడా ఊగాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. నాలుగో పాటకి నమ్రత చక్రపాణి పేరు పిలిచింది. తెలుగు కుర్చీల్లోంచి చప్పట్లు బాగానే వచ్చాయి. నీలం కుర్తా సర్దుకుని స్టేజీ ఎక్కాడు, మైకు తీసుకున్నాడు. అఖిల్ మైకు దగ్గర్నుంచి రెండడుగులు పక్కకి జరిగి, గిటారు తీగలు ఒక్కసారి మీటి, ఆపాడు.

నిశ్శబ్దం.

చక్రపాణి వయొలిన్ల కోసం ఎదురుచూశాడు. బ్యాండ్ చక్రపాణి కోసం ఎదురుచూసింది. అయిదు సెకన్లు. పది. జనం కుర్చీల్లో కదిలారు. చక్రపాణి, పద్నాలుగేళ్ళుగా ఏం చేస్తున్నాడో అదే చేశాడు. కుడిచేతి చూపుడువేలు పైకెత్తి, సౌండ్ టేబుల్ వైపు చిన్న సైగ చేశాడు.

టేబుల్ వెనకున్న గడ్డపాయన అటూ ఇటూ చూసి, రెండు చేతులూ ఖాళీగా పైకెత్తి చూపించాడు.

తెలుగు కుర్చీలకి ఆ సైగ కొత్తది కాదు. నవ్వు ఒక మూల మొదలై అన్ని వరసల్లోకీ పాకింది. రవికుమార్ మాత్రం నవ్వలేదు. అలవాటు చొప్పున సగం లేచి, చేతిలో సమోసా ప్లేటుతో నిలబడిపోయాడు.

"పాణీ, నేనిక్కడున్నా. నా దగ్గర ఏం లేదు."

దానికి మిగతావాళ్ళూ నవ్వారు. చక్రపాణి మెడ మీద చెమట కాలరులోకి దిగింది. దిగిపోదామనుకున్నాడు. అడుగు తియ్యబోతుంటే వెనక కర్రలు నాలుగుసార్లు కొట్టుకున్నాయి. టక్, టక్, టక్, టక్. ఇషా అతని అనుమతి కోసం ఆగడం మానేసింది.

నాలుగొందల సార్లు పాడిన గొంతు దానంతటదే అందుకుంది. పల్లవి బాగానే వచ్చింది. నవ్విన కుర్చీలు సర్దుకున్నాయి. పల్లవి అయ్యాక ట్రాక్‌లో ఇరవై నాలుగు సెకన్ల వయొలిన్లుంటాయి. చక్రపాణి ఆ ఇరవై నాలుగు సెకన్లూ ఎప్పుడూ జనం వైపు చిరునవ్వు నవ్వుతాడు. ఇప్పుడూ నవ్వాడు. ఇక్కడ అఖిల్ గిటారు నాలుగు ఆవృతాల్లో, తాళం నాలుగు చుట్లు తిరిగేసరికి, అయిపోయింది. చక్రపాణి నవ్వుతూనే ఉన్నాడు. ఏదో తేడాగా ఉందని, వయొలిన్ల బదులు ఎవరు ఆలస్యం చేస్తున్నారా అని వెనక్కి తిరిగాడు.

ఇషా వాయిస్తూ, గడ్డం కొంచెం పైకెత్తి, రెప్ప వెయ్యకుండా అతని వైపే చూస్తోంది.

చూస్తూ నిలబడిపోయాడు. దాంతో రెండోసారీ అందుకోవడం తప్పింది. ఇషా విసుక్కోలేదు, ఆపలేదు. అదే ఆవృతాన్ని మళ్ళీ మొదలుపెట్టింది, గిటారు దాని వెంట నడిచింది. చక్రపాణికి తెలిసిన సంగీతం ఏదీ ఎవరికోసమూ ఆగదు. నువ్వు అందుకున్నా అందుకోకపోయినా ముప్ఫై రెండో సెకను వచ్చి వెళ్ళిపోతుంది. ఇది ఆగింది. నలుగురు మనుషులు పాటలో ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ, అతని నోటివైపు చూస్తున్నారు.

మూడోసారి అందుకున్నాడు. ఇషా కర్రలు దిగాయి, తల వంచుకుంది.

చరణంలో పై స్వరం ఉంది. ఒరిజినల్ శ్రుతి అని తనే చెప్పాడు కాబట్టి, గొంతు జీరబోయే క్షణానికి సిద్ధపడి కళ్ళు మూసుకున్నాడు. స్వరం హాయిగా, ఇంట్లో పాడుకున్నట్టు వచ్చింది. కళ్ళు తెరిచాడు. అఖిల్ ఏమీ తెలియనట్టు తీగల వైపు చూసుకుంటున్నాడు.

చప్పట్లు వచ్చాయి. లేచి నిలబడ్డది రవికుమార్ ఒక్కడే, వాడు ముందునుంచీ నిలబడే ఉన్నాడు. మెక్సికన్ ముసలాయన మాత్రం తన కుర్చీలోంచే చక్రపాణికి చూపుడువేలు పైకెత్తి చూపించి, కన్ను కొట్టాడు.

దిగుతుంటే అఖిల్ భుజం మీద చెయ్యేశాడు. "జబర్దస్త్ అన్నా."

"నువ్వు కూడా బాగా వాయించావ్," అన్నాడు చక్రపాణి. ఈ తొమ్మిది అక్షరాలూ అరా బయటికి రావడానికి అతనికి చాలా కష్టమైంది.

ఇంటికొస్తుంటే సుధ వెనక సీట్లో నిద్రపోయింది. ఇంకా వెలుతురు ఉంది. ఇషా ముందు సీట్లో మోకాళ్ళ మీద వేళ్ళతో ఏదో వాయించుకుంటోంది.

"ఎలా పాడాను?"

"లేట్. టూ టైమ్స్."

"మీరు ఆగారుగా."

"ఆగాలి కదా. అది డ్రమ్మర్ జాబ్."

అతనే మళ్ళీ అన్నాడు.

"శ్రుతి ఎవరు దించారు?"

"నేను. నీ ఫోన్‌లో అన్నీ మైనస్ త్రీ ఉన్నాయి కదా. ఎప్పుడో చూశా."

"అఖిల్‌కి తెలుసా?"

"గిటార్ వాయించేది తనే కదా డాడీ."

తెలుసన్నమాట. రెండు వారాలుగా తెలుసు. తెలిసి, ఏమీ తెలియనట్టు తీగలు చూసుకున్నాడు. మర్యాదస్థుడి మీద అసూయపడటం ఎంత కష్టమో చక్రపాణికి అర్థమవుతోంది. ఎక్కడా పట్టు దొరకదు.

సిగ్నల్ దగ్గర కారు ఆపాడు.

"మరి వాడు? అఖిల్. వాడెప్పుడూ తప్పడా?"

"ఎవ్రీ టైమ్ తప్పుతాడు," అంది ఇషా తేలిగ్గా. "నువ్వు లేట్ వస్తావ్. తను ఎర్లీ వస్తాడు. అందుకే చూస్తూ ఉండాలి. చూడకపోతే సాంగ్ మొత్తం పోతుంది."

చక్రపాణి తల తిప్పి కూతుర్ని చూశాడు. షెడ్డు షట్టరు కింద అతను చూసింది ఆరాధన అనుకున్నాడు. అది కాపలా.

"ముందే వచ్చేస్తాడా?"

"ఆల్వేస్."

"ఎంత ముందు?"

"డాడీ, గ్రీన్."

వెనక కారు హారన్ కొట్టింది. చక్రపాణి బండి కదిలించాడు. పెదవుల మీదికి వస్తున్న నవ్వుని ఆపే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

ఆ సాయంత్రంతో అతను మారిపోయాడనుకోనక్కర్లేదు. దీపావళికి ట్రాక్ పెట్టుకునే పాడాడు, వేలెత్తాడు, రవికుమార్ బటన్ నొక్కాడు, జనం ప్లేట్ల కోసం లేచారు. వయొలిన్లు సరిగ్గా ఇరవై నాలుగు సెకన్లు మోగాయి. అది కొంచెం ఎక్కువసేపనిపించింది, అంతే.

కానీ టైర్ల షాపు తర్వాతి శనివారం పొద్దున పదింటికి, ఇషాని దింపి, హెడ్‌సెట్ డాష్‌బోర్డు మీద పెట్టేసి, అతనూ కారు దిగాడు. షెడ్డులో ఒక మూల పాత ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అఖిల్ దాని మీది వైర్లు తీసి, "కూర్చో అన్నా," అన్నాడు. చక్రపాణి కూర్చుని, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.

ఆ పూట అఖిల్ మూడుసార్లు ముందొచ్చాడు. మూడోసారైతే దాదాపు అర ఆవృతం.